చేయి తిరగకుండా పుస్తకం రాయడం ఎలా?

పుస్తకం రాయాలనే కోరిక పుట్టగానే చేయాల్సిన మొదటి పని రాయడం కాదు, చెప్పడం. ఫేస్‌బుక్‌లో చెప్పండి, వాట్సాప్ స్టేటస్‌లో పెట్టండి, పెళ్ళి భోజనాల్లో పక్కవాడి విస్తరి వైపు వంగి మరీ చెప్పండి. "ఒక నవల మొదలెట్టానండీ" అన్న మాటకి దొరికే గౌరవం పూర్తయిన నవలకి ఎన్నడూ దొరకదు. మొదలెట్టిన నవలని ఎవరూ చదివి బాగాలేదనలేరు. అందులో అచ్చుతప్పులుండవు. "ఆ తాగుబోతు బాబాయి పాత్ర నేనేనా?" అని చుట్టాల్లో ఎవరూ నిలదియ్యరు. ఈ ఒక్క వాక్యం మీదే ఏళ్ళ తరబడి నవలాకారులుగా చెలామణీ అవుతున్న పెద్దమనుషులు ఊరికొకరైనా ఉంటారు. వాళ్ళ మీద ఏ విమర్శకుడూ ఇంతవరకూ ఒక్క చెడ్డమాట రాయలేదు.

అయినా సరే, రాసి తీరాల్సిందేనని పట్టుబట్టేవాళ్ళ కోసం ఈ సలహాలు. వీటిని తు.చ. తప్పకుండా పాటిస్తే పుస్తకం వస్తుంది, చేయి మాత్రం తిరగదు. తిరిగిన చేతితో ఎన్ని బాధలో మీకింకా తెలియదు. అది రాసిన వాక్యాన్ని కొట్టేస్తుంది. కొట్టేసినదాన్ని మళ్ళీ రాస్తుంది. రాత్రి రెండింటికి లేచి దీపం వేసి ఒక కామా తీసేస్తుంది, తెల్లారాక దాన్ని మళ్ళీ పెడుతుంది. సంసారం చేసుకునేవాళ్ళకి ఇదంతా ఎందుకు?

ముందు చదవడం సంగతి తేల్చేద్దాం. చదవకండి. ఇతరుల పుస్తకాలు చదివితే వాళ్ళ ప్రభావం తమ మీద పడుతుందని కొత్తవాళ్ళలో చాలామందికి ఒక భయం ఉంటుంది. చాలా మంచి భయం అది, దాన్ని పెంచి పోషించండి. ఆదివారం పూట ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరిచి ఉంటాయి, అటు వెళ్ళాల్సి వస్తే చెప్పులు కొనుక్కుని వచ్చెయ్యండి. శ్రీకాకుళంలో కథానిలయం అని ఇంకా పెద్ద ప్రమాదం ఒకటుంది. 'యజ్ఞం' కథ రాసి పేరు తెచ్చుకున్న కాళీపట్నం రామారావు మాస్టారు, ఆ పేరు మీద ఇంకో పాతిక పుస్తకాలు వేసుకోవలసింది పోయి, ఇతరుల కథలు పోగెయ్యడంలో పడ్డారు. తెలుగులో అచ్చయిన కథలన్నీ ఒక్కచోట దొరకాలని ఆయన పట్టుదల. 1997లో ఆ ఇల్లు తెరిచారు. కొత్త రచయితకి దానివల్ల జరిగే నష్టం ఎవరైనా ఆలోచించారా? మీరు నిన్న రాత్రి కనిపెట్టి పొంగిపోయిన ఆ కొసమెరుపుని మీ తాతగారి రోజుల్లోనే ఎవరో ఒక వారపత్రికలో వాడేసి ఉంటారు. అక్కడికి వెళ్తే అది కాగితం మీద రుజువైపోతుంది.

శిల్పం గురించిన పుస్తకాలు మాత్రం కొనండి. వల్లంపాటి వెంకటసుబ్బయ్య 'కథాశిల్పం', 'నవలాశిల్పం' రెండూ కొని, వీడియో ఇంటర్వ్యూలో మీ కుడి భుజం వెనక కనిపించేలా అరలో నిలబెట్టండి. విప్పకండి. విప్పితే అందులో దృష్టికోణం అనే గొడవొకటి ఉంటుంది. కథ ఎవరి కళ్ళతో చూస్తున్నామో ఆ మనిషికి తెలిసినంతే పాఠకుడికి చెప్పాలట. అదే నిజమైతే మీ మూడో అధ్యాయంలో సుజాత మనసులో ఏముందో, ఆమెని చూస్తున్న కండక్టరు మనసులో ఏముందో, బస్సు కింద పడబోతున్న కుక్క మనసులో ఏముందో ఒకే పేరాలో ఎలా చెప్పడం?

ఇక రాత. ఎన్నాళ్ళు తీసుకోవాలని అడిగితే, నెల. 'వేయిపడగలు' 29 రోజుల్లో వచ్చిందని సాహిత్యం వాసన తెలిసిన ప్రతివాడూ విన్నదే. విశ్వనాథ సత్యనారాయణ చెబుతూ పోతుంటే తమ్ముడు రాసుకుంటూ పోయారు. సభల్లో ఈ ముచ్చట చెప్పి అక్కడితో ఆగిపోవాలి. అప్పటికి ఆయన నలభైకి దగ్గరపడ్డారనీ, 'ఆంధ్రప్రశస్తి', 'కిన్నెరసాని పాటలు', 'ఏకవీర' వెనక ఉన్నాయనీ, సంస్కృతాంధ్రాలు నోట్లో నానుతూ ఉన్నాయనీ ఎవరైనా గుర్తు చేస్తే వాచీ చూసుకోండి. మీకూ నెలకి 30 రోజులున్నాయి, అంటే ఒకరోజు మిగులు కూడా. తమ్ముడు ఒప్పుకోకపోతే ఫోన్లో వాయిస్ టైపింగ్ ఉంది. మీరు "గోదారి గట్టు" అంటే అది "గోదాము కట్టు" అని రాసుకుంటుంది. దిద్దకండి. విమర్శకులు దాన్ని మేజిక్ రియలిజం అనుకునే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

తిరగరాయడం అనే దురలవాటు గురించి కాస్త వివరంగా చెప్పాలి. మంచి కుటుంబాల్లోంచి వచ్చినవాళ్ళు కూడా దీనికి బానిసలైపోతున్నారు. గురజాడ అప్పారావు సంగతే చూడండి. 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో ఆడారు, జనం మెచ్చారు. 1897లో అచ్చయింది. ప్రదర్శన అయింది, పుస్తకం అయింది, మహారాజుకి అంకితం అయింది. ఇంకేం మిగిలింది? ఒక మామూలు మనిషైతే తరవాతి నాటకం మొదలెడతాడు. ఈయన అదే నాటకాన్ని మళ్ళీ విప్పారు. పాత్రల్ని పెంచి, రంగాలు చేర్చి, దాదాపు కొత్త నాటకంగా చేసి 1909లో రెండో కూర్పు తెచ్చారు. ఇవాళ మనం చూస్తున్న గిరీశం, మధురవాణి ఆ రెండో కూర్పులోనే ఇంత నిండుగా తయారయ్యారు. మధ్యలో పోయినవి 12 ఏళ్ళు. ఆ 12 ఏళ్ళలో మీరైతే 12 పుస్తకాలు తెచ్చి, ఏడాదికో శాలువా చొప్పున ఇంటిల్లిపాదికీ చలికాలం గట్టెక్కించేవారు.

ఈ జబ్బు అంటకుండా కొన్ని జాగ్రత్తలున్నాయి. రాసినదాన్ని పొరపాటున కూడా పైకి చదవకండి. పైకి చదివితే నాలుక ఎక్కడ తట్టుకుందో అక్కడ వాక్యం విరిగిందని తెలిసిపోతుంది. ఇంట్లోవాళ్ళకి చదివి వినిపించడం మరీ ప్రమాదం, వాళ్ళు మాటతో చెప్పకపోయినా ఏ పేజీ దగ్గర లేచి కుక్కరు చూడ్డానికి వెళ్ళారో మీకు గుర్తుండిపోతుంది. రాతప్రతిని ఓ నెల అటకెక్కించి తరవాత తీసి చూడమని కొందరు చెబుతారు. వినకండి. ఆ నెలలో రాసినవాడు కాస్తా చదివేవాడుగా మారిపోతాడు. మారిపోయి, మొదటి మూడు పేజీలు లేకపోయినా కథకి నష్టం లేదని కనిపెడతాడు.

ఆ మూడు పేజీలూ పోతే మీ సూర్యోదయం ఏం కాను?

నవల సూర్యోదయంతోనే మొదలవ్వాలి. తూర్పున సింధూరం, చెట్ల మీద కిలకిలారావాలు, ముంగిట కళ్ళాపి, ఎక్కడో సుప్రభాతం. హైదరాబాదులో ఏడో అంతస్తు ఫ్లాట్‌లో జరిగే కథైనా సరే కళ్ళాపి చల్లించండి. తరవాత కథానాయకుడు నిద్ర లేవాలి. లేచి అద్దంలో చూసుకోవాలి, లేకపోతే అతనికి కోటేరు ముక్కుందని పాఠకుడికి తెలిసే దారేది? పళ్ళు తోముకోవడం, కాఫీ, పేపరు, స్నానం, టిఫిను, బస్సు. నలభయ్యో పేజీకి ఆఫీసు చేరితే చాలు. అసలు సంగతి నలభై ఒకటో పేజీలో మొదలైతే మొదటి పేజీనే నలభై ఒకటి చేయొచ్చు కదా అనేవాళ్ళుంటారు. వాళ్ళకి జీవితం మీద గౌరవం లేదు.

విస్తృతి విషయంలో పిసినారితనం వద్దు. కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' అని ఒక నవల రాశారు. ఒక ముసలాయన, ఒక పంది, ఒక అడవి, ఒక రాత్రి. అంతే సరుకు. ఆయన వృత్తిరీత్యా డాక్టరు కాబట్టి మోతాదు తూచి వాడారనుకోవాలి. ఆ కాసింత జాగాలో ముసలాయన భయం, పొగరు, ఆకలి, అడవి తెలివి, పంది తెలివి అన్నీ కిక్కిరిసి ఉంటాయి, పాఠకుడికి కాలు మెదపడానికి చోటుండదు. మీ మొదటి నవలకి నాలుగు తరాలైనా ఉండాలి. సహాయ నిరాకరణ, సాయుధ పోరాటం, దివిసీమ ఉప్పెన, ఎమర్జెన్సీ, అమీర్‌పేట కోచింగు, అమెరికా వీసా, కోవిడ్, అన్నీ 200 పేజీల్లో. తరానికో పెళ్ళి, ఓ చావు. ఎవరు ఎవరి కొడుకో చివరికి మీకే అనుమానం వస్తే మొదట్లో ఒక వంశవృక్షం వేయించండి. అది రెండు పేజీలు ఆక్రమిస్తుంది, పైగా ప్రణాళిక ఉన్నట్టు కనిపిస్తుంది.

భాష దగ్గరికొద్దాం. పాత్రలందరూ ఒకే భాష మాట్లాడాలి. అది ఎవరూ ఎక్కడా మాట్లాడని భాషైతే మరీ శ్రేష్ఠం, అప్పుడు ఏ జిల్లావాళ్ళూ నొచ్చుకోరు. మనుషులు మాట్లాడేది విని రాస్తే ఏమవుతుందో చూశాం. రావిశాస్త్రి విశాఖపట్నంలో ప్లీడరు. కోర్టు వరండాలో బీడీ కాలుస్తున్న సాక్షి దగ్గర్నుంచి బోనులో వణుకుతున్న ముద్దాయి దాకా అందరూ ఏం మాట్లాడుతున్నారో, ఎక్కడ ఆగుతున్నారో, ఏ అబద్ధాన్ని ఏ రాగంలో చెబుతున్నారో చెవులప్పగించి విన్నారు. ఫలితం, ఆయన కథల్లో పేరు చెప్పకుండానే ఎవరు మాట్లాడుతున్నారో తెలిసిపోతుంది. ఇక రచయితకి పనేముంది? దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్ళు'లో తెలంగాణ పల్లె నోరు అలాగే పట్టుకొచ్చారు. నామిని చిత్తూరు జిల్లా మాటని ఇస్త్రీ చెయ్యకుండా అచ్చుకిచ్చారు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి ఇంకో విచిత్రం. అంత సంస్కృతం చదివిన మనిషి, ఆ చదువంతా గుమ్మం బయట విడిచి, గోదావరి జిల్లా ఆడవాళ్ళు పెరట్లో మాట్లాడుకునే తెలుగు రాశారు. పేజీలకి పేజీలు సంభాషణే. ఎవరన్నారో చెప్పరు, తెలిసిపోతూనే ఉంటుంది.

మీరు ఇంత కష్టపడక్కర్లేదు. యాస కావాలంటే పనిమనిషికీ ఆటో డ్రైవరుకీ పెట్టండి, నవ్వు కోసం. నాయికా నాయకులు ఏ ఊళ్ళో పుట్టినా పాఠ్యపుస్తకంలా మాట్లాడాలి. ప్రాంతం తెలియాలనుకుంటే శ్రీకాకుళం వాడికి ముందు "ఏటి" అనీ, సీమవాడికి "రేయ్" అనీ, తెలంగాణవాడికి చివర "గదా" అనీ ఒక్కో ముక్క అతికిస్తే సరిపోతుంది: "ఏటి నాన్నగారూ, నా భావోద్వేగాలను అర్థం చేసుకొనుటలో మీరు ఘోరంగా విఫలమయ్యారు!" ఇందులో శ్రీకాకుళం ఎంత స్పష్టంగా ఉందో చూశారు కదా.

'అన్నాడు' అనే మాట నిషేధం. అది మరీ పేదగా ఉంటుంది. పలికాడు, వచించాడు, నుడివాడు, ఉద్ఘాటించాడు, గర్జించాడు, గద్గద స్వరంతో వాపోయాడు, ఇన్ని ఉండగా లోటెందుకు? "'టీ తాగుతావా?' అని గర్జించాడు శ్రీనివాస్." ఈ వాక్యంలో ఉన్న నాటకీయత 'అన్నాడు'తో వస్తుందా? నవ్వులకీ ఇదే సూత్రం. పాత్ర ఊరికే నవ్వకూడదు, నిర్లిప్తంగా నవ్వాలి, విషాదంగా నవ్వాలి, నిర్జీవంగా నవ్వాలి. పేజీకి ఆరు నవ్వులు దాటితే కొన్నిటిని నిట్టూర్పులుగా మార్చుకోండి. పాఠకుడికి ఏడుపు వస్తుందో రాదో అన్న అనుమానముంటే పాత్రనే ముందుగా ఏడిపించండి. ఎవరో ఒకరు ఏడ్చారన్న తృప్తి మిగులుతుంది.

తెలియని విషయం గురించి తెలుసుకోవడానికి వెళ్ళకండి. శ్రీపాదవారే 'గులాబీ అత్తరు'లో అత్తరు తీసే మనిషి చేతిపనీ, దాని మీద అతనికున్న అభిమానమూ ఎంత దగ్గరగా చూపించారంటే, చదువుతుంటే ముక్కు పుటాలు అదురుతాయి. ఆ స్థాయికి పోవాలంటే బోలెడు సమయం, బస్సు చార్జీలు. మీ నవల్లో ఒక నేతగాడి కూతురుంది. ఆమె తెల్లచీర నేసి, ప్రియుడు వెళ్ళిపోయాక, దాని మీద పోచంపల్లి డిజైను రంగులతో వేస్తుంది, కన్నీళ్ళు రంగులో కలుస్తాయి. అద్భుతమైన దృశ్యం. కానీ పోచంపల్లి వెళ్ళారో, మగ్గం ఎక్కకముందే నూలుకి కట్లు కట్టి, విప్పి, మళ్ళీ కట్టి రంగులద్దుతారనీ, డిజైను నేతకి ముందే దారంలో ఉంటుందనీ ఎవరో ఒక పెద్దాయన చూపించేస్తాడు. మీ దృశ్యం అక్కడికక్కడే చచ్చిపోతుంది. నిజానికి ఆయన చూపించినదాంట్లో ఇంకా మంచి దృశ్యం ఉండొచ్చు. బొమ్మ ఏదో తెలియకుండా దారానికి ముడి వేస్తున్న పిల్ల ఉండొచ్చు. కానీ అప్పుడు అధ్యాయం మళ్ళీ రాయాలి. ఆ జబ్బు గురించి పైన చెప్పుకున్నాం.

సందేశం తప్పనిసరి. చివరి నుంచి రెండో అధ్యాయంలో ఒక రిటైర్డు హెడ్మాస్టారిని ప్రవేశపెట్టి ఆరు పేజీలు మాట్లాడించండి. కథలో అంతవరకూ ఆయన లేకపోయినా ఫరవాలేదు.

చాట్‌బాట్‌ల గురించి కొత్తవాళ్ళు అడుగుతున్నారు. తప్పకుండా వాడండి. అధ్యాయం రాయమంటే క్షణంలో రాసిస్తుంది. ప్రతి అధ్యాయం చివరా ఎవరో ఒకరు కిటికీలోంచి వానని చూస్తుంటారు. పద్నాలుగు అధ్యాయాలకి పద్నాలుగు వానలు. కథ అనంతపురంలో జరుగుతున్నా సరే ఉంచెయ్యండి, రైతులు సంతోషిస్తారు.

అక్షరాల దగ్గర ఉదారంగా ఉండండి. ఒత్తు ఎక్కడ పెట్టాలో తెలియకపోతే అన్నిచోట్లా పెట్టండి. 'బాధ' కంటే 'భాధ' ఎక్కువ నొప్పిగా ఉంటుంది. 'అర్థం', 'అర్ధం' రెంటిలో ఏది రాసినా సగం మందికి సగమే తెలుస్తుంది కాబట్టి పట్టింపు లేదు. విరామ చిహ్నాల్లో చుక్కలు చవక. వాక్యం ఎలా ముగించాలో తోచనప్పుడు ఆరేడు చుక్కలు పెడితే లోతైన మౌనంలా ఉంటుంది. ఆశ్చర్యార్థకాలు మూడేసి వాడితే పాఠకుడు దేనికి ఆశ్చర్యపోవాలో వెతుక్కుంటూ ముందుకి కదులుతాడు.

ప్రూఫులు మీరే చూసుకోండి. రాసినవాడి కంటికి కాగితం మీదున్నది కనపడదు, మనసులో ఉన్నదే కనపడుతుంది కాబట్టి పని త్వరగా తెములుతుంది. ఫోన్లో యూనికోడ్‌లో కొట్టిన ఫైలుని డీటీపీ చేసే కుర్రాడు అను ఫాంట్లలోకి మారుస్తాడు. ఆ ప్రయాణంలో కొన్ని అక్షరాలు దెబ్బతింటాయి. పొల్లు దగ్గర మీరు జాగ్రత్తగా విడదీసి కొట్టిన "హైదరాబాద్‌లో" కాస్తా "హైదరాబాద్లో" అయి, ల కాస్తా వత్తుగా కిందికి జారి వేలాడుతుంది. మార్చిన తరవాత ఫైలంతా మొదటి నుంచీ ఇంకోసారి చదవాలని వృత్తిలో ఉన్నవాళ్ళు అంటారు. అప్పటికి ఆవిష్కరణ తేదీ ఖాయమైపోయి ఉంటుంది కనక మీకు ఆ ఇబ్బంది లేదు.

డెమీ వన్ బై ఎయిట్ సైజులో ఫారానికి 16 పేజీలు లెక్క. నవల 150 పేజీలొస్తే 10 ఫారాలు నిండటానికి ఇంకో 10 పేజీలు ఖాళీగా కనిపిస్తాయి. ఖాళీ అంటే భయం లేనివాడు రచయిత కాడు. మీ బాల్యం, మీ పురస్కారాలు, మీ శ్రీమతికి కృతజ్ఞతలు, మంత్రిగారితో ఫోటో, వీటితో నింపండి. ఇక అట్ట వెనక ఉండే ఐఎస్‌బీఎన్, ఆ 13 అంకెలు, మన దేశంలో ప్రభుత్వ సంస్థ పైసా తీసుకోకుండా ఇస్తుంది. దరఖాస్తు పెట్టుకోవాలి, అంతే. కనక దాన్ని ఎవరైనా పబ్లిషింగ్ ప్యాకేజీలో కలిపి అమ్ముతుంటే వెంటనే కొనుక్కోండి. ఊరికే వచ్చినదానికి విలువుండదు.

ముందుమాటలు కనీసం నాలుగు. ఇక్కడ మాత్రం సాహిత్య చరిత్ర మన పక్షాన ఉంది. 'మహాప్రస్థానం'కి చలం యోగ్యతాపత్రం రాసింది 1940లో, పుస్తకం వచ్చింది 1950లో. పదేళ్ళ ముందే పెద్దాయన మాట చేతిలో ఉందన్నమాట. మీరు నేర్చుకోవలసిన వరస ఇదే. ముందు ముందుమాట సంపాదించండి, పుస్తకం సంగతి తరవాత చూసుకోవచ్చు. శ్రీశ్రీ అప్పటికే కవితలు రాసేసి ఉండటం, చలం వాటిని చదివి ఉండటం, ఈ రెండూ ఆ ఉదంతంలో ఉన్న చిన్న లోపాలు. మీరు అడగబోయే పెద్దలకి అంత తీరిక ఉండదు. రాతప్రతి పంపి వాళ్ళ కళ్ళకి శ్రమ కలిగించకండి. కథ సారాంశం, మీ ఉద్యోగం, నచ్చదగిన అంశాలు ఐదు, ఇవి వాట్సాప్‌లో పంపితే చాలు. "సమయాభావం వల్ల పూర్తిగా చదవలేకపోయినా, చదివినంతలో" అని మొదలుపెట్టి ఆయన మూడు పేజీలు రాసిస్తారు. అందులో రెండున్నర ఆయన సొంత రచనల గురించి ఉంటాయి. మార్చమని అడగకండి. మార్చుకునే అలవాటు మనకే లేనప్పుడు పెద్దల్ని అడగడం భావ్యం కాదు.

ఆవిష్కరణ సభకి చిక్కడపల్లి గానసభో, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రమో ముందే బుక్ చేసుకోండి. సభాధ్యక్షులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, తొలి ప్రతి స్వీకర్త, సభా సమన్వయకర్త, ఇలా కింద కుర్చీల్లో కూర్చునే అవకాశమున్న ప్రతివాళ్ళనీ వేదిక ఎక్కించెయ్యండి. కిందవాళ్ళు మధ్యలో లేచిపోవచ్చు, పైనున్నవాళ్ళు లేవలేరు. పుస్తకం గురించి మాట్లాడేవాళ్ళకి కవర్లోంచి తీస్తుండగా మొదటిసారి పుస్తకం కనిపించాలి. అలాగైతే మాట్లాడేటప్పుడు కృత్రిమత్వం ఉండదు. ఆఖర్న మీకు ఐదు నిమిషాలిస్తారు. ఆ ఐదు నిమిషాల్లో రెండో పుస్తకం ప్రకటించండి.

ఇంత పకడ్బందీగా చేసినా ఒక చిక్కు మిగులుతుంది. ఎప్పుడో ఒకరోజు తెనాలి నుంచో తాడిపత్రి నుంచో ఒక రిటైర్డు పంతులుగారు ఫోన్ చేస్తారు. పుస్తకం డబ్బిచ్చి కొన్నారట. మొదటి నుంచి చివరి దాకా చదివారట, రెండుసార్లు. మొహమాటంగా దగ్గి, "బాబూ, 63వ పేజీలో ఆ పిల్ల బావి దగ్గర బిందె దించి, ఏమీ అనకుండా నిలబడుతుంది చూడు, అది చాలా బావుంది, అక్కడ నీకు పని తెలిసినట్టుంది" అంటారు. మీరు ఉబ్బేలోగా, "మరి మిగతాదంతా అలా ఎందుకు రాయలేదు?" అని అడుగుతారు. ఆయన దగ్గర పెన్సిలు గీతలు పెట్టిన ప్రతి ఉందట. పోస్టులో పంపిస్తాను, అడ్రసు చెప్పమంటారు.

అడ్రసు చెప్పకండి. ఆ ప్రతి మీ ఇంటికి వచ్చిందంటే ఒక రాత్రి మీరు దాన్ని విప్పుతారు. విప్పితే 63వ పేజీలో ఉన్నదేమిటో, 62లో లేనిదేమిటో చూస్తారు. పక్కన కలం ఉంటుంది. ఇన్ని పేజీల కష్టమూ బూడిదలో పోసిన పన్నీరవుతుంది. "మీటింగులో ఉన్నానండీ" అని పెట్టేసి, ఆయన నంబరుని 'పర్సనల్ లోన్' అని సేవ్ చేసుకోండి. మళ్ళీ మోగినా ఎత్తే ప్రమాదం ఉండదు.